నడుం ఎక్స్‌రేలో దొరికిన గుండెజబ్బు: ఒక డయాలసిస్ కేసు

ఆయనకి 44 ఏళ్లు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోట పనులు చేసుకునేవారు. షుగర్ లేదు, బీడీ చుట్ట అలవాటు లేదు. తొమ్మిదేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. పద్ధతిగా ఉండే పేషెంట్ ఎవరని అడిగితే మా సిస్టర్లు ఆయన్నే చూపించేవాళ్లు. షిఫ్టుకి అరగంట ముందే వస్తారు, రాసిచ్చిన మందు ఒక్క పూట మానరు. ఈ కేసు రాయడానికి కారణం ఆ చివరి మాటే. మానకుండా వేసుకున్న మందుల్లో ఒకటి ఆయనకి చేటు చేసింది. అది రాసింది నేను.

ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు.

మూడో గంట

మెషీన్ మీద పెట్టేటప్పుడు బీపీ 178/64 ఉండేది. మూడో గంటకి 92/50కి జారేది. ముందు ఆవలింతలు, తర్వాత చెమట, పిక్కలు పట్టేయడం. ఒకరోజు "గుండె మీద ఎవలో కూకున్నట్టుంది బాబూ" అన్నారు. టెక్నీషియన్ నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తి పెట్టి, కాస్త సెలైన్ ఇస్తే సర్దుకునేది. షీటులో "బీపీ పడింది, సెలైన్ ఇచ్చాం" అని రాసేవాళ్లం. తర్వాతి సారీ అదే వాక్యం. ఇప్పుడు ఆ షీట్లు తిరగేస్తుంటే ఒకే చేతిరాతతో ఒకే వాక్యం పేజీలకి పేజీలు ఉంది.

నేను చేసిన మొదటి పని డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) తక్కువ పెట్టామేమోనని అరకిలో పెంచడం. రెండు వారాలకి ఇంకో అరకిలో. మూడో గంట కొంచెం నయమైంది కానీ రాత్రిళ్లు పడుకోలేకపోయారు. ఒక తెల్లవారుజామున ఆయాసంతో కూర్చోబెట్టి తీసుకొచ్చారు, ఊపిరితిత్తుల నిండా నీరు. నీరు తీస్తే బీపీ పడిపోతోంది, ఉంచేస్తే ఊపిరాడటం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ రోజు ఈసీజీలో గుండె గోడ మందంగా ఉన్న గుర్తులు కనబడ్డాయి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎక్కువే వచ్చింది. అయితే డయాలసిస్ వాళ్లలో అది మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి ఒక్క రిపోర్టు చూసి హార్ట్ ఎటాక్ అనకూడదు. కొన్ని గంటల తేడాతో మళ్లీ చేయించాం, పెద్దగా పెరగలేదు. మర్నాడు ఎకో (గుండె స్కానింగ్) చేయించాం. గుండె గోడ 15 మి.మీ. (11 దాటకూడదు), పంపింగ్ 52 శాతం. గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం బృహద్ధమని, దాని వాల్వు రెక్కలు మూడూ తెల్లగా బిగుసుకున్నాయి, తెరుచుకునే వైశాల్యం 1.3 చ.సెం.మీ., సగటు గ్రేడియంట్ (వాల్వుకి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా, ఇరుకు పెరిగేకొద్దీ పెరుగుతుంది) 24. గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు చుట్టూ అర్ధచంద్రాకారంలో క్యాల్షియం. ఎకో చేస్తూనే కార్డియాలజిస్టు ఫోన్ చేశారు: "ఈయనకి నలభై నాలుగా, డెబ్భై నాలుగా? కేస్‌షీటులో తప్పు పడిందేమో చూడండి."

తప్పు పడలేదు. పాతికేళ్ల నుంచి ముప్ఫై నాలుగేళ్ల మధ్య డయాలసిస్ పేషెంట్‌కి గుండెజబ్బుతో చనిపోయే ముప్పు, డయాలసిస్ లేని 80 ఏళ్లు దాటిన మనిషికి ఉన్నంత ఉంటుందని 1998లోనే అమెరికా లెక్కలతో చూపించారు. 2000లో ఇంకో చిన్న అధ్యయనం వచ్చింది. చిన్నప్పటి నుంచి కిడ్నీ జబ్బుతో ఉండి డయాలసిస్ చేయించుకుంటున్న కుర్రవాళ్లకి గుండె సీటీ తీస్తే, 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి గుండె రక్తనాళాల్లో క్యాల్షియం ఉంది. ఇవి నేను పీజీలో చదివినవే. పరీక్షలో రాశాను కూడా.

నిజానికి ఎకో దాకా పోనక్కర్లేదు. 178/64 అనే బీపీయే చెబుతోంది. పై అంకెకీ కింది అంకెకీ మధ్య 114 తేడా. మామూలు మనిషిలో గుండె రక్తం నెట్టగానే బృహద్ధమని కాస్త ఉబ్బి కొంత రక్తాన్ని దాచుకుంటుంది, గుండె తెరిపిన పడ్డప్పుడు దాన్ని ముందుకి తోస్తుంది. గుండె కండరానికి రక్తం అందేది ప్రధానంగా ఆ విరామంలోనే. ధమని గట్టిపడితే ఉబ్బదు, దాచదు. పై బీపీ పెరుగుతుంది కాబట్టి గుండెకి చాకిరీ ఎక్కువ, కింది బీపీ తగ్గుతుంది కాబట్టి దానికి అందే తిండి తక్కువ. దానికితోడు మెషీన్ మీద గంటకి దాదాపు లీటరు నీరు లాగేస్తుంటే ఏమవుతుంది? పెద్ద బ్లాకులు లేకపోయినా గుండె కండరం ఆకలితో మొద్దుబారుతుంది. ఆయన గుండె మీద కూర్చున్నది అదే.

కవర్లోని ఫిలిం

మన పేషెంట్లు పాత కాగితాలు పారేయరు. బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతిసారీ తెస్తారు, మనం తెరిచి చూడం. ఆయాసం తగ్గాక వార్డులో ఆ కవరు మొత్తం మంచం మీద పోశాను. అడుగున నాలుగేళ్ల కిందటి నడుం ఎక్స్‌రే, పక్కనుంచి తీసినది. నడుం నొప్పికి పట్నంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తీయించారట. కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే వెన్నుపూసల ముందు రెండు సన్నని తెల్లగీతలు, అక్కడక్కడా తెగుతూ, రైలు పట్టాల్లా కిందికి దిగుతున్నాయి. బృహద్ధమని గోడలు. ఎక్స్‌రేలో రక్తనాళం కనబడకూడదు. కనబడిందంటే అందులో ఎముకలాంటిది ఉన్నట్టు.

రిపోర్టులో వెన్నుపూసల సంగతే ఉంది. ఆ డాక్టరుని తప్పుపట్టను, ఆయన చూడాల్సింది ఎముకలు. ధమని చూడాల్సింది నేను. ఆ కవరు నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు నా ముందు నుంచే వెళ్తోంది.

కొత్త ఫిలిం తీయించి రెండూ పక్కపక్కన పెట్టాం. నడుములో మొదటి నాలుగు వెన్నుపూసల ఎదురుగా ధమని ముందు గోడకీ వెనక గోడకీ విడివిడిగా 0 నుంచి 3 మార్కులు వేస్తే మొత్తం 24 అవుతుంది. కౌప్పిలా స్కోరు అంటారు. పాత ఫిలింలో 7, కొత్తదాంట్లో 17. చేతి ఎక్స్‌రేలో వేళ్ల దాకా అవే పట్టాలు. సీటీ తీసి క్యాల్షియం స్కోరు చేయించలేదు. ఈ పనికి నడుం ఎక్స్‌రే, ఎకో సరిపోతాయని కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంకె ఎంత వచ్చినా నేను చేయబోయేది మారదు, విశాఖ దాకా ప్రయాణం మాత్రం మిగులుతుంది.

వెనక్కి చూసుకుంటే గుర్తులు ఇంకా ఉన్నాయి. రెండో ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టేది) వేసినప్పుడు ధమని కోస్తుంటే ఇసుకలా కరకరలాడిందని సర్జన్ రాశారు. కాళ్ల మంటలకి చీలమండ దగ్గర బీపీ చూసి, చేతి బీపీతో పోలిస్తే 1.5 వచ్చిందనీ, రక్తప్రసరణ బాగుందనీ ఎవరో రాశారు. అది బాగున్నట్టు కాదు. 1.4 దాటిందంటే బీపీ పట్టీకి నొక్కుకోనంతగా నాళం గట్టిపడిందని అర్థం.

గోళీల లెక్క

ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాను. రెండు రకాల క్యాల్షియం స్ట్రిప్పులు వచ్చాయి. ఒకటి నాది. ఆహారంలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకోవడానికి రాసినది, ఒక్కోదాంట్లో 500 మి.గ్రా. అసలు క్యాల్షియం, రోజుకి మూడు. రెండోది నడుం నొప్పికి ఇచ్చినది, అదీ 500 మి.గ్రా., రోజుకి రెండు. మూడు నెలలకి రాసిన చీటీ మీద మందుల షాపు నాలుగేళ్లుగా ఇస్తూనే ఉంది. మొత్తం 2,500 మి.గ్రా. పైగా నేను రాసిన కాల్సిట్రియాల్ (విటమిన్ డి మందు) రోజుకి 0.25 మైక్రోగ్రాములు, అది పేగు నుంచి క్యాల్షియంనీ ఫాస్ఫరస్‌నీ ఇంకా లాగుతుంది. ఇది కాక మా డయాలసిస్ ద్రవంలో క్యాల్షియం లీటరుకి 1.75 మిల్లీమోల్స్. పాత కాలం నుంచీ అవే క్యాన్లు తెప్పిస్తున్నాం, ఎవరూ ప్రశ్నించలేదు.

నా గోళీని అన్నం మధ్యలో నమిలి తినాలి. ఆయన తిన్న గంటన్నరకి మిగతా మందులతో కలిపి మింగేవారు. అలా వేసుకుంటే ఫాస్ఫరస్‌ని పట్టుకోదు, ఒట్టి క్యాల్షియం ఒంట్లో చేరుతుంది. ఆయన భార్య మొహం చూడలేకపోయాను. "ఎముకల గోళీ కదా బాబూ, నాను ఒక్క పూటా మరిసిపోనేదు" అంది.

రక్త పరీక్షల్లో క్యాల్షియం 10.4, రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ తక్కువగా 3.4 ఉంది కాబట్టి దానికి సరిచేస్తే 10.9. ఫాస్ఫరస్ 7.6. రెండూ ఎక్కువే. పీటీహెచ్ (ఎముకలోని క్యాల్షియంని నడిపించే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్) 118. ఈ మూడో అంకె దగ్గర కాస్త ఆగాలి. మా ల్యాబ్‌లో పీటీహెచ్ గరిష్ఠం 65. డయాలసిస్ వాళ్లలో అది దానికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండటం మేలని కేడిగో చెబుతుంది, అంటే 130 తక్కువలో తక్కువ. ఆరునెలల కిందట 126 వచ్చినప్పుడు ఫైల్లో నేను "పీటీహెచ్ కంట్రోల్‌లో ఉంది" అని రాసి టిక్ పెట్టాను. కంట్రోల్ కాదది. క్యాల్షియం, విటమిన్ డి ఎక్కువై గ్రంథి అణగిపోయింది. పీటీహెచ్ లేకపోతే ఎముక నిద్రపోతుంది: అరగదు, కట్టుకోదు, రక్తంలోని క్యాల్షియంని తీసుకోదు. ఎముక తలుపు మూసేశాక వచ్చిన క్యాల్షియం ఎక్కడికి పోవాలి? ఎముకలకని ఇచ్చిన గోళీ ఎముకలోకి పోలేదు, రక్తనాళంలోకి పోయింది.

ఇక్కడ ఒక మాట. గీజర్ గొట్టంలో సున్నం పేరుకున్నట్టు అని నేను చాలా ఏళ్లు పేషెంట్లకి చెప్పాను. సులువుగా అర్థమవుతుంది, కానీ తప్పు. గొట్టం బతికున్నది కాదు. రక్తనాళం మధ్య పొరలో ఉండే కండర కణాల్లోకి ఒక ద్వారం గుండా ఫాస్ఫేట్ ఎక్కువగా చేరితే అవి తమ పని మరిచిపోయి ఎముక కట్టే కణాల్లా ప్రవర్తిస్తాయి. 2000లో దీన్ని ప్రయోగశాలలో చూపించారు. ఎముకలో ఉండే ఖనిజమే గోడలో పేరుస్తాయి. కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం లోపలి పొర జబ్బు. ఇది మధ్య పొరది, దారి మూయకుండానే గోడని బిగించేస్తుంది. జర్మన్ పాథాలజిస్టు మాంకెబర్గ్ 1903లో వర్ణించిన జబ్బు ఇదే. గీజర్ పోలిక వల్ల ఇంకో నష్టం కూడా ఉంది: యాసిడ్ పోసి కడిగినట్టు దీన్నీ కరిగించే మందు ఉంటుందని ఆశ పుడుతుంది.

మరి ఫాస్ఫరస్ 7.6 ఎందుకుంది? లెక్క వేస్తే అర్థమవుతుంది. మామూలు తిండిలో రోజుకి 900 మి.గ్రా. అనుకుందాం, అందులో సుమారు 60 శాతం ఒంటికి పడుతుంది. వారానికి 3,800 దాకా. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి తీసేది ఉజ్జాయింపుగా 800. రెండుసార్లకి 1,600. మిగతాది ఎక్కడికి పోతుంది? వారానికి మూడుసార్లు చేసినా లెక్క తేలదు, రెండుసార్లకి అసలు తేలదు. మన దగ్గర చాలామందికి రెండే, దూరం వల్లో కూలి పోతుందనో. పేషెంట్ తిండి సరిగా పాటించడం లేదని తిట్టే ముందు మనం ఈ లెక్క వేసుకోవాలి.

తిండి గురించి అడిగితే మూడు సంగతులు తేలాయి. నెత్తళ్ల కూర ఇష్టం, ముళ్లతో సహా తింటారు. డయాలసిస్ దిగాక నీరసం పోతుందని బస్టాండులో నల్ల కూల్‌డ్రింక్, దాంట్లో కలిపే ఫాస్ఫారిక్ యాసిడ్ దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. ఆటోలో తినడానికి బిస్కెట్ ప్యాకెట్. ఈ మూడూ మానమన్నాను. పప్పు మానమనలేదు. గింజల్లోని ఫాస్ఫరస్ మనకి సరిగా జీర్ణం కాని రూపంలో ఉంటుంది, పైగా ఆల్బుమిన్ 3.4 ఉన్న మనిషి చేత పప్పు మాన్పించి నేను సాధించేదేమీ లేదు. రోజూ రెండు గుడ్ల తెల్లసొన తినమన్నాను. జీడిపప్పు సంగతి ఆయనే ఎత్తారు, పలాస పక్కన ఉండి తినకుండా ఎలా అని. సీజన్లో గుప్పెడు అన్నాను, భోజనంతోనే, గోళీతోనే.

స్టెంట్ వేయలేదు

ఆంజియోగ్రామ్ తొడ నుంచి చేశారు. డయాలసిస్ పేషెంట్లకి మణికట్టు నాళాన్ని ఫిస్టులా కోసం దాచుకోవాలి. డై ఎక్కించకముందే తెరమీద గుండె రక్తనాళాలు తెల్లటి దారాల్లా కొట్టుకుంటూ కనిపించాయి. డై ఎక్కించాక ఎడమవైపు ముందు శాఖలో (ఎల్ఏడీ) 60 శాతం ఇరుకు, కుడిదాంట్లో 50. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేశాడు: "డబ్బులు పంపుతాను డాక్టర్ గారూ, స్టెంట్ వేయించేయండి." అతని టెన్షన్ నాకు అర్థమైంది. అక్కడ ఉండి చేయగలిగింది డబ్బు పంపడం ఒక్కటే. కానీ ఆయన నొప్పి బ్లాకు నొప్పి కాదు, మూడో గంట నొప్పి. కిడ్నీలు బాగా దెబ్బతిని, గుండెజబ్బు నిలకడగా ఉన్న 777 మందిలో చేసిన ఇస్కీమియా-సీకేడీ అధ్యయనం 2020లో వచ్చింది. వాళ్లలో సగానికి పైగా డయాలసిస్ మీదే ఉన్నారు. ముందే ఆంజియో, స్టెంటు దారిలో వెళ్లినవాళ్లకి మందులతో నెట్టుకొచ్చినవాళ్ల కంటే మరణాలు గాని, హార్ట్ ఎటాక్‌లు గాని తగ్గలేదు. ఫోన్లో ఇరవై నిమిషాలు పట్టింది, చివరికి ఒప్పుకున్నాడు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు కార్డియాలజిస్టు రాశారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి కొత్తగా మొదలుపెడితే పెద్ద ప్రయోజనం లేదని 2005లో 4డి, 2009లో అరోరా అధ్యయనాలు చెప్పాయి. ఆంజియోలో బ్లాకులు కనబడిన మనిషి కదా అని నేను కొట్టేయలేదు. ఇద్దరు డాక్టర్ల మధ్య ఇలాంటి చిన్న సర్దుబాట్లు ఉంటాయి.

తర్వాత కొడుకే వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు, విటమిన్ కె2 వేసుకుంటే నాళాల్లో క్యాల్షియం కరిగిపోతుందట. దీనికో నిజం మూలం ఉంది. గోడలో క్యాల్షియం చేరకుండా కాపలా కాసే ఒక ప్రోటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. అందుకే విటమిన్ కెని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ రాయాల్సి వస్తే నేను వెనకాడతాను. కానీ డయాలసిస్ పేషెంట్లకి కె2 ఇచ్చి చూసిన పరీక్షల్లో క్యాల్షియం పెరగడం ఆగలేదు. ఆ డబ్బుని ఆటోకి వాడమన్నాను. వారానికి మూడో డయాలసిస్‌కి ఆటో కావాలి.

మేం నిజంగా చేసినది అదే. క్యాల్షియం రెండూ, కాల్సిట్రియాలూ ఆపేశాం. ఫాస్ఫరస్‌ని పట్టుకునే, క్యాల్షియం లేని మందు సెవెలమర్ 800 మి.గ్రా. భోజనం మధ్యలో, మొదట ఒకటి, తర్వాత రెండు. వారానికి మూడుసార్లు డయాలసిస్. పథకం కింద డయాలసిస్ ఉచితమే అయినా మూడో రోజు అంటే భార్యకి ఇంకో రోజు కూలి పోవడం, అందుకే ఆమె పనికి వెళ్లొచ్చాక వచ్చేలా సాయంత్రం షిఫ్టులోకి మార్చాం. ఇంతకుముందు 54 కిలోల మనిషి దగ్గర నాలుగు గంటల్లో 3.8 లీటర్లు తీసేవాళ్లం, కిలోకి గంటకి 17 మి.లీ. పైనే. 13 దాటితే మరణాల ముప్పు ఎక్కువని తెలిసినదే. ఇప్పుడు 2.2 లీటర్లు, అంటే 10. ద్రవం వేడి 36 డిగ్రీలకి తగ్గించాం. మెషీన్ మీద ఇడ్లీ తినడం మాన్పించాం, తింటే రక్తం పేగులకి మళ్లి బీపీ పడుతుంది. పెంచిన కిలో డ్రై వెయిట్‌ని నెల రోజుల్లో మెల్లగా వెనక్కి తెచ్చాం.

ద్రవంలో క్యాల్షియం 1.75 నుంచి 1.5కి తగ్గించాం. 1.25కి పోదామని రెండుసార్లు చూశాం. బీపీ పడింది, ఈసీజీలో క్యూటీ (ఒక్కో కొట్టుకి గుండె తిరిగి సిద్ధమయ్యే సమయం) 480 మిల్లీసెకన్ల దాకా సాగింది. ఆగిపోయాం. గుండె లయ తప్పి చనిపోతే నాళం మెత్తబడి లాభమేంటి?

క్యాల్షియం గోళీ విషమని చదివినవాళ్లు అనుకోకూడదు. 2002లో వచ్చిన అధ్యయనంలో సెవెలమర్ వాడినవాళ్లకి నాళాల్లో క్యాల్షియం తక్కువ పెరిగింది, నిజమే. కానీ జపాన్‌లో రెండు వేల మందికి పైగా డయాలసిస్ పేషెంట్లతో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో క్యాల్షియం లేని మందుకీ, క్యాల్షియం కార్బొనేట్‌కీ గుండెజబ్బుల విషయంలో తేడా రాలేదు. క్యాల్షియం తక్కువగా ఉండి, పీటీహెచ్ బాగా పెరిగిన పేషెంట్‌కి నేను ఇప్పటికీ రాస్తాను. రక్తంలో 10.9 ఉండి, ఎముక నిద్రపోతున్న మనిషికి రాయను. తేడా గోళీలో లేదు.

పద్నాలుగు నెలల తర్వాత

ఫాస్ఫరస్ 5.2, క్యాల్షియం 9.1, పీటీహెచ్ 240. మూడో గంట ఇప్పుడు నిద్రలో గడుస్తోంది, బీపీ పడటం నెలకి ఒకసారి ఉంటే గొప్ప. ఆయాసంతో మళ్లీ రాలేదు. ఎక్స్‌రే స్కోరు 17 దగ్గరే ఉంది. పెరగకపోవడాన్నే నేను మంచి వార్తగా చెప్పాను, తగ్గుతుందని ఆశపడ్డ ఆయనకి అది అలా వినబడలేదు.

వాల్వు మాత్రం ఆగలేదు. వైశాల్యం 1.1కి వచ్చింది, గ్రేడియంట్ 31. డయాలసిస్ వాళ్లలో ఇది మామూలు మనుషుల కంటే తొందరగా ముదురుతుంది. వైశాల్యం 1 కంటే తగ్గినా, గ్రేడియంట్ 40కి చేరినా మార్చే విషయం మాట్లాడాలి. ఎముకలా బిగిసిన బృహద్ధమనికి ఆపరేషన్‌లో క్లాంపు వేయడం కష్టం, తొడ నుంచి వాల్వు ఎక్కించాలంటే ఆ దారి నాళాలూ అలాగే ఉన్నాయి. ట్రాన్స్‌ప్లాంట్ కోసం, చనిపోయినవాళ్ల అవయవాలు అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. కొత్త కిడ్నీని కుట్టాల్సిన తుంటి నాళాల సీటీ చూసి సర్జన్ వద్దనలేదు, సరే అనీ అనలేదు. భార్య ఇస్తానంది. కానీ ఆమెదీ ఆ ఊళ్లే, ఆ నీళ్లే. ఉద్దానం జబ్బుకి కారణం తేలనప్పుడు అక్కడి మనిషి దగ్గర కిడ్నీ తీసుకోవాలంటే చాలా ఆలోచించాలి. కిడ్నీ పనితీరు చూపే ఆమె క్రియాటినిన్ 1.2, కాస్త ఎక్కువే వచ్చింది, ఆ మాట అక్కడితో ఆగింది. ఆమెని ఇప్పుడు ఆరునెలలకోసారి పరీక్షకి రమ్మంటున్నాం.

తర్వాతి ఎకో ఆరునెలల్లో ఉంది.

పాత ఫిలిం ఇప్పుడు ఆ కవర్లో లేదు. అడిగి తీసుకుని, పేరున్న మూల కత్తిరించి యూనిట్‌లో ఉంచాను. మేం కొత్త పేషెంట్లకి ఏడాదికోసారి నడుం ఎక్స్‌రే తీయిస్తున్నాం, కవర్లు కూడా తెరిచి చూస్తున్నాం. కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్లకి ఈ ఫిలిం వ్యూబాక్స్ మీద పెట్టి ఏం కనబడుతోందని అడుగుతాను. చాలామంది వెన్నుపూసల గురించి చెబుతారు.